బీపీ టెన్షన్ వల్ల అయితే మాత్ర కిడ్నీ హార్మోన్ మీద ఎందుకు?

మీరు రాసింది కుదిస్తే సంగతి ఇదీ. మీది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారికి 58 ఏళ్ళు, కొబ్బరితోట, దాని వెనక రెండు రొయ్యల చెరువులు. ఇంట్లో మిషన్‌తో చూస్తే పొద్దున్నే 152/92, పది నిమిషాలాగి చూస్తే 138/86. కరెంటు పోయి చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిన రాత్రి 174. మంచం మీంచి లేచేటప్పుడు అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు గారు టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర రాసి, ఇది కిడ్నీ నుంచి వచ్చే హార్మోన్ మీద పనిచేస్తుందన్నారు. మీరు అడిగినవి మూడు: నాన్నకి బీపీ వచ్చింది టెన్షన్ వల్ల కదా, కిడ్నీ సంగతి ఎందుకు? బీపీ బాగున్న రోజు మాత్ర మానేయొచ్చా? పక్కింటాయన కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నాడు, నిజమేనా?

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా గోదావరి పాయల మధ్య ఊళ్ళలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేశాను. అంతకు ముందు కొన్నాళ్ళు ఫిజియాలజీ పాఠాలు చెప్పాను. ఆ పాత అలవాటు కొద్దీ సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట లెక్క చూద్దాం. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది. పెద్దమనిషి ఒంట్లో ఉండే రక్తం కూడా దాదాపు అంతే. అంటే ఉన్న రక్తమంతా నిమిషానికి ఒక చుట్టు తిరిగి వస్తుందన్నమాట. గుండె ఎంత తోస్తోంది, ఆ రక్తం బయటకు పోయే దారులు ఎంత బిగుసుకుని ఉన్నాయి, ఈ రెండూ కలిస్తేనే బీపీ. ఆ దారుల్లో అసలు పెత్తనం పెద్ద రక్తనాళాలది కాదు. వెంట్రుక కంటే కొంచెం లావు నుంచి ఇంకా సన్నం దాకా ఉండే చిట్టచివరి ధమనులది. వాటి గోడలో కండ ఉంటుంది, అది బిగుస్తుంది, వదులవుతుంది. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే అడ్డు రెట్టింపు అవుతుందనుకుంటాం. కాదు, 16 రెట్లవుతుంది. అందుకే ఒంటికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు, ఆ సన్నటి నాళాలను వీసమెత్తు బిగించినా మిషన్ మీద అంకె కదులుతుంది.

డెల్టాలో పుట్టినవాళ్ళకి దీన్ని అర్థం చేయించడం తేలిక. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ మనది కాలువల బతుకే. పెద్ద కాలువలో ఎంత నీరున్నా మీ చేలోకి ఎంత వస్తుందో తేల్చేది బోదె మొదట్లో ఉన్న తూము. కాలువ పొడవునా తూములన్నీ సగం దించేశారనుకోండి, పైనుంచి వచ్చే నీరు ఆగదు గనక ఎగువన మట్టం లేస్తుంది, గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. అదే బీపీ.

ఇంకో మాట. కాలువకి ఇద్దరు పెద్దలుంటారు. ఒకరు లాకుల దగ్గరుండే లస్కరు. మట్టం చూసి అప్పటికప్పుడు షట్టరు ఎత్తుతాడు, దించుతాడు. రెండో పెద్ద ఆఫీసులో ఉంటాడు. ఈ సీజనుకి మొత్తం ఎంత నీరు వదలాలి, ఎప్పుడు కాలువలు కట్టేయాలి అనేది అక్కడ తేలుతుంది. ఒంట్లో లస్కరు నాడీమండలం. ఆఫీసు కిడ్నీలు, వాటి చుట్టూ తిరిగే హార్మోన్లు. మీ ప్రశ్న మొత్తం ఈ ఇద్దరి మధ్యే ఉంది.

ఈ పోలిక ఒకచోట చెడుతుంది. కాలువ వాలుకి పారుతుంది. రక్తానికి ఆ సుఖం లేదు, నిలబడ్డ మనిషిలో గుండె మెదడు దాకా పైకి తోడాలి. మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్ట నాళాల్లోకి జారిపోతుంది. ఎవరూ ఏమీ చేయకపోతే లేచిన ప్రతిసారీ కళ్ళు తిరిగి పడాలి. పడటం లేదంటే లస్కరు మేలుకునే ఉన్నాడన్నమాట.

అతని కళ్ళు రెండు చోట్ల ఉన్నాయి. దవడ మూలకి కాస్త కింద, మెడలో నాడి కొట్టుకునే చోట ఒకటి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులో ఇంకొకటి. అక్కడి గోడలో నాడుల కొసలుంటాయి. ఒత్తిడి పెరిగి గోడ సాగితే అవి గబగబా సంకేతాలు పంపుతాయి, తగ్గితే మందగిస్తాయి. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట మెడుల్లా అనే భాగం ఒత్తిడి తగ్గిందన్న కబురు అందుకుంటే రెండు పనులు చేస్తుంది. గుండెను నెమ్మదిగా ఉంచే వేగస్ నాడి పట్టు సడలిస్తుంది. ఒంటిని పరుగుకి సిద్ధం చేసే సింపథటిక్ నాడుల్ని తట్టి లేపుతుంది. ఆ నాడుల కొసల్లోంచి నోరడ్రినలిన్ అనే రసాయనం ఊరి గుండె వేగం పెరుగుతుంది, చివరి ధమనులు బిగుస్తాయి, సిరల్లో నిలిచిన రక్తం పైకి వస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని.

నేను చదువుకునే రోజుల్లో దీన్ని ల్యాబులో కళ్ళారా చూపించేవారు. మసి పట్టించిన కాగితం చుట్టిన సిలిండరు నెమ్మదిగా తిరుగుతూ ఉండేది. మత్తు ఇచ్చిన కుక్క ధమనికి పాదరసం గొట్టం తగిలించి, దాని మీద తేలే సూది మసి మీద తెల్లగీత గీస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. మాస్టారు కుక్క మెడలో రెండు పక్కల ధమనుల్ని చిమటాతో నొక్కారు. తలకి పోయే రక్తం ఆపితే గీత పడిపోతుందనుకున్నాం. జర్రున పైకి పోయింది. "ఎందుకురా?" అన్నారు మాస్టారు. ఎవరికీ నోరు పెగల్లేదు. నొక్కిన చోటుకి పైన ఉంది ఆ కన్ను. దాని దగ్గర ఒత్తిడి పడిపోయింది గనక, ఒళ్ళంతా పడిపోయిందని అది కబురంపింది. మెడుల్లా నమ్మి ఒళ్ళంతా బిగించింది. చిమటా తీయగానే గీత కిందకు జారి, కొంచెం ఊగిసలాడి, పాత చోటికి వచ్చి నిలబడింది. లస్కరు తన కంటికి కనిపించిన మట్టాన్నే నమ్ముతాడని ఆవేళ బుర్రకెక్కింది.

ఈ లస్కరుకి ఒక బలహీనత ఉంది, బీపీ జబ్బంతా అక్కడే దాక్కుంటుంది. రైస్‌మిల్లు పక్కన కాపురం పెట్టినవాళ్ళని అడగండి. మొదటి రెండ్రోజులు నిద్ర పట్టదు, తర్వాత మిల్లు ఆగితే మెలకువ వస్తుంది. ఈ నాడుల సంగతీ అంతే. పెరిగిన ఒత్తిడి ఒకటి రెండు రోజులు అలాగే నిలబడితే అదే మామూలు మట్టమని సర్దుకుంటాయి. ఆ పైన 150ని కాపాడటమే వాటి డ్యూటీ అయిపోతుంది. "నాకే ఇబ్బందీ లేదండీ, నాకు బీపీ ఏంటి?" అనే మాట నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను. ఇబ్బంది చెప్పాల్సినవాడు సర్దుకుపోయాక మనిషికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఏరేటర్లు ఆగిన రాత్రి దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అసలే తక్కువ. ఆ వేళకి కరెంటు పోతే రొయ్య తేలిపోతుంది, పెట్టుబడి మొత్తం నీళ్ళపాలవుతుంది. మీ నాన్నగారు చీకట్లో జనరేటరు దగ్గరికి పరుగెత్తారు. ఆ క్షణంలో సింపథటిక్ నాడులు ఒక్కసారిగా లేచాయి, కిడ్నీల పైన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల నడిభాగం అడ్రినలిన్ వదిలింది. గుండె దడదడ, అరచేతుల్లో చెమట, 174. అందులో జబ్బేమీ లేదు. ఆ వేళ 120 ఉండి ఉంటేనే నేను కంగారు పడేవాణ్ణి. రక్తంలో కలిసిన అడ్రినలిన్ నిమిషాల్లో విరిగిపోతుంది, ఆయన స్థిమితపడి కూర్చుంటే అంకె దానంతటదే దిగుతుంది. కాబట్టి దడ పుట్టిన వేళ మిషన్ కట్టకండి. కట్టి, ఆ అంకె చూసి ఇంకా భయపడి, మళ్ళీ కట్టి... ఇది అంతులేని కథ. ఆ అంకె చూసి మాత్ర మోతాదు సొంతంగా పెంచడం మరీ ప్రమాదం. ఒక్క మినహాయింపు ఉంది. అంకె ఎక్కువగా ఉండి, దాంతోపాటు గుండెలో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఊపిరాడకపోవడం ఉంటే అంకెలు లెక్కపెడుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అయితే టెన్షన్‌కీ కిడ్నీకీ సంబంధం లేదని నేననలేదు. ఉంది, మీ మొదటి ప్రశ్నకి జవాబు అదే. సింపథటిక్ నాడులు గుండెకీ రక్తనాళాలకీ మాత్రమే కాదు, కిడ్నీలోకీ పోతాయి. అక్కడ రక్తం లోపలికి వచ్చే సన్నటి నాళం గోడలో కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి. నాడి వాటిని తడితే రెనిన్ అనే పదార్థం వదులుతాయి. కిడ్నీకి వచ్చే రక్తం ఒత్తిడి తగ్గినా, లోపలి గొట్టాల్లోకి ఉప్పు తక్కువగా అందినా కూడా వదులుతాయి. అంటే లస్కరు షట్టరు దించడమే కాదు, ఆఫీసుకి ఫోను కూడా చేస్తాడు. ఒక్క రాత్రి ఫోను వస్తే ఆఫీసు పెద్దగా పట్టించుకోదు. నెలల తరబడి రాత్రిళ్ళు నిద్ర లేకపోతే సంగతి వేరు. మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. చెరువు కాపలా పేరుతో ఆ తగ్గుదల పోగొట్టుకున్నవాళ్ళ గుండెకీ కిడ్నీకీ విశ్రాంతి ఉండదు. మన ఆక్వా రైతుల విషయంలో నా గట్టి ఫిర్యాదు ఇదే. మేత లెక్క, కౌంటు లెక్క పైసాతో సహా చెబుతారు, ఎన్ని గంటలు పడుకున్నారో చెప్పలేరు.

రెనిన్ కథ పాతదే. 1898లో స్టాక్‌హోంలో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ నూరి తీసిన రసాన్ని ఇంకో కుందేలుకి ఎక్కిస్తే దాని బీపీ పెరిగింది. ఏం చేస్తుందో సరిగ్గా తేలడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. రెనిన్ తనంతట తాను దేన్నీ బిగించదు, అది కత్తెర. కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే ఒక పెద్ద ప్రోటీన్ మొదలుని అది కత్తిరిస్తుంది. తెగిన ముక్క యాంజియోటెన్సిన్-1. అది ఊపిరితిత్తుల్లోంచి పోయేటప్పుడు అక్కడి నాళాల గోడకున్న ఏసీఈ అనే ఎంజైము ఇంకో రెండు పూసలు తెంపుతుంది. మిగిలిన ఎనిమిది పూసల దండ యాంజియోటెన్సిన్-2. అసలు పోకిరి ఇది. చివరి ధమనుల్ని నేరుగా బిగిస్తుంది. దాహం పుట్టిస్తుంది. సింపథటిక్ నాడుల్ని ఇంకొంచెం ఎగదోస్తుంది. అడ్రినల్ గ్రంథి పైపొర దగ్గరికి పోయి ఆల్డోస్టెరోన్ ఊరేలా చేస్తుంది.

ఆల్డోస్టెరోన్ ఉప్పు గుమాస్తా. కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోస్తాయి, లీటరున్నర రెండు లీటర్లు మూత్రంగా వదిలి మిగతాది వెనక్కి తీసుకుంటాయి. ఆ తీసుకునే దారిలో చివరి మలుపు దగ్గర ఈ గుమాస్తా కూర్చుని సోడియాన్ని వెనక్కి రానిస్తుంది, దాని బదులు పొటాషియాన్ని బయటకు తోస్తుంది. ఉప్పు వెంట నీరు వస్తుంది. రక్తం పరిమాణం పెరుగుతుంది. ఈ పొటాషియం మాట గుర్తుపెట్టుకోండి, కొబ్బరినీళ్ళ దగ్గర మళ్ళీ కావాలి.

నాడుల పని సెకన్లలో అయితే దీని పని గంటలు, రోజులు. నెమ్మదే కానీ గట్టిపట్టు. బీపీ పెరిగితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఎక్కువ ఉప్పు, ఎక్కువ నీరు వదిలేసి మట్టాన్ని దించుతుంది. ఈ పద్ధతి సరిగా నడిచినంతకాలం ఎన్ని గొడవలు పడినా, ఎన్ని రాత్రులు పరుగెత్తినా బీపీ ఎప్పటికప్పుడు మామూలుకి వస్తుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా నిలబడిపోయిందంటే కిడ్నీ ఆ ఎత్తు మట్టం దగ్గరే ఉప్పు లెక్క సరిచూసుకుంటోందని అర్థం. ఊగే అంకెలు లస్కరువి, నిలిచిన అంకె ఆఫీసుది. మీ నాన్నగారిది రాత్రి 174 నాకు ముఖ్యం కాదు. ప్రశాంతంగా కూర్చున్నాక కూడా 138/86 దగ్గర ఆగింది చూశారా, డాక్టరు గారు మాత్ర రాసింది ఆ మట్టానికి.

మరి నాడుల మీదే మందు ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఇచ్చారు, అదీ మన దేశపు మందే. సర్పగంధి వేరు సంగతి మన వైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని గురించి రాశాక ప్రపంచమంతా వాడింది. 1952లో దాన్నుంచి రిసర్పిన్ తీశారు. అది నాడుల కొసల్లో దాచుకున్న నోరడ్రినలిన్ నిల్వని ఖాళీ చేసేస్తుంది. బీపీ తగ్గింది, నిజమే. దాంతోపాటు ముక్కు దిబ్బడ, మత్తు, కొందరిలో దిగులు కూడా వచ్చాయి. నాడుల్ని గట్టిగా కట్టేసే మందులన్నిటి తంతూ ఇంతే. లేచినప్పుడు రక్తం కాళ్ళలోకి జారకుండా పట్టుకునేది ఆ నాడులే గనక, వాటిని కట్టేస్తే మనిషి లేవగానే పడతాడు. గుండెకి ఆ నాడుల పిలుపు అందకుండా అడ్డుకునే బీటా బ్లాకర్లు ఇప్పటికీ వాడుతున్నాం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి బంగారం లాంటివి. అవి గుండె వేగాన్నీ రెనిన్‌నీ రెండింటినీ తగ్గిస్తాయి. కానీ మామూలు బీపీకి మొదటి మందుగా ఆఫీసుతో మాట్లాడేవే మేలు, లస్కరు చేతులు అతనికే ఉంటాయి.

ఆ దారిలో మొదటి మాత్ర పాము దగ్గర్నుంచి వచ్చింది. బ్రెజిల్‌లో ఉండే ఒక రక్తపింజరి జాతి పాము కరిస్తే బీపీ పడిపోతుంది. ఆ విషంలో ఏసీఈని ఆపే పదార్థం ఉందని తెలుసుకుని, దాని నమూనాలో కాప్టోప్రిల్ తయారు చేశారు, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత ఎనలాప్రిల్, రామిప్రిల్ ఆ ఇంటి పిల్లలే. వీటితో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఏసీఈ చేసే ఇంకో పని బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం, అది ఆగితే ఆ పదార్థం పేరుకుని గొంతు గరగర. టెల్మిసార్టాన్ ఇంకో పద్ధతి. ఏసీఈ జోలికి పోదు, యాంజియోటెన్సిన్-2 కూర్చునే పీటల మీద ముందుగా తాను కూర్చుంటుంది. దగ్గు గొడవ చాలా తక్కువ.

ఈ నాటకంలో చిన్న పాత్రలు ఇంకా ఉన్నాయి, వాటిని త్వరగా దాటేస్తాను. నీరు తగ్గినా, రక్తం పోయినా మెదడులోంచి వాసోప్రెసిన్ వస్తుంది, మూత్రాన్ని చిక్కబరుస్తుంది. గుండె పై గదులు రక్తంతో మరీ సాగితే అవే ఒక హార్మోన్ వదిలి కిడ్నీని "ఉప్పు వదిలెయ్" అంటాయి. గుండె కూడా గ్రంథేనని 1981లో కెనడాలో ద బోల్డ్ ఎలుకల మీద చూపించేదాకా మాకు పాఠాల్లో లేదు. ఇక కొందరికి గ్రంథిలోనే తేడా ఉంటుంది. అడ్రినల్ పైపొర అడగకుండానే ఆల్డోస్టెరోన్ పోస్తుంటే పొటాషియం పడిపోతుంది, మూడు మాత్రలకీ బీపీ లొంగదు. నడిభాగంలో గడ్డ ఉంటే ఉండుండి తలనొప్పి, చెమట, దడ ఒకేసారి వస్తాయి. చిన్న వయసులో బీపీ వచ్చినా, మాత్రలకి లొంగకపోయినా డాక్టరు ఇవి వెతుకుతారు. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారిలో అలాంటి లక్షణాలు కనిపించడం లేదు.

ఉప్పు మాట ఎత్తకపోతే ఈ సమాధానం సగమే. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పళ్ళెం సంగతి చూడండి. పప్పులో ఆవకాయ, పులుసులో ఉప్పుచేప, నంజుకోవడానికి అప్పడం, చివర్లో పెరుగన్నంలో మళ్ళీ చిటికెడు. ఆ చెంచా మధ్యాహ్నానికే ఖర్చయిపోతుంది. ఆవకాయ మానేయమని గోదావరి జిల్లాల మనిషికి చెప్పి గెలిచిన డాక్టరు ఇంకా పుట్టలేదు, నేనూ ప్రయత్నించను. పెరుగులో ఉప్పు, కంచం పక్కన పోసుకునే ఉప్పు, ఈ రెండూ మానితే చాలు, మాత్రకి బలం వస్తుంది. ఎండుచేప వారానికోసారి చేసుకోండి, బాగా కడిగి.

మాత్ర మానేయడం గురించి. బీపీ బాగుంది అంటే మాత్ర పనిచేస్తోందని. టెల్మిసార్టాన్ పూర్తి ప్రభావం చూపడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, ఒంట్లోంచి పోవడానికీ సమయం తీసుకుంటుంది. అందుకే ఇవాళ మానేస్తే రేపు కూడా అంకె బాగానే ఉంటుంది, "చూశారా, అక్కర్లేదు" అనిపిస్తుంది. వారం తిరిగేసరికి మట్టం పాత చోటికి వస్తుంది. కాబట్టి రోజూ ఒకే వేళకి వేయాలి.

ఒక్క సందర్భం మాత్రం వేరు. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీరంతా పోయినప్పుడు కిడ్నీ వడపోతని నిలబెట్టేది ఆ యాంజియోటెన్సినే. అప్పుడు మాత్ర కొనసాగించాలా ఆపాలా అని అదే రోజు డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. నొప్పి గోళీలతో ఇంకా జాగ్రత్త. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలోకి వచ్చే నాళాన్ని బిగిస్తాయి, టెల్మిసార్టాన్ బయటకు పోయే నాళాన్ని వదులు చేస్తుంది. పైన మూత్రం బిళ్ళ కూడా ఉండి, ఎండాకాలం గట్టు మీద చెమటలు కక్కితే కిడ్నీకి మూడు వైపులా దెబ్బ. మే నెలలో ఇలా వచ్చినవాళ్ళని ఏటా చూసేవాణ్ణి.

కళ్ళు తిరగడం సంగతి ఇంట్లోనే తేల్చండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకి చెప్పాల్సిందే. ఆయన ప్రోస్టేట్‌కి ఏమైనా మాత్ర వేసుకుంటున్నారా? ఆ మాత్రల్లో కొన్ని నోరడ్రినలిన్ తాళాన్నే మూసేస్తాయి, లస్కరు చెయ్యి కట్టేసినట్టే. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నా ఆ నాడులు దెబ్బతింటాయి. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన అర్ధరాత్రి లేచి, నిలబడి మూత్రం పోస్తూ అక్కడే కూలిపోయి తల పగలగొట్టుకున్నాడు. గాఢనిద్రలోంచి లేచిన ఒంట్లో వేగస్ పట్టు ఎక్కువ, మూత్రసంచి ఖాళీ అవుతుంటే బీపీ ఇంకా పడుతుంది. రాత్రిపూట మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమనండి, కూర్చునే పోయమనండి. మగవాళ్ళకి ఇది నచ్చదు, తెలుసు.

మిషన్‌తో చూసేటప్పుడు మొదటి అంకె 152, రెండోది 138 రావడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. లేచి, నడిచి, మాట్లాడుతూ కట్టించుకుంటే లస్కరు ఇంకా పనిలోనే ఉంటాడు. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందకి వేలాడితే అంకె ఏడెనిమిది ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే అసలు లెక్కే తప్పు. వారం రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు రాసి, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టు లెక్క.

ఇక కొబ్బరినీళ్ళు. కోనసీమలో ఉండి బొండాం తాగొద్దంటే ఎలా అని మీ బాధ. ఒక బొండాంలో అర గ్రాముకు పైగానే పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్ళకి అది మంచిదే, బీపీ తగ్గడానికి సాయం చేస్తుంది కూడా. కానీ ఆల్డోస్టెరోన్ గుమాస్తా గుర్తున్నాడా? పొటాషియాన్ని బయటకు తోసేది అతనే. టెల్మిసార్టాన్ అతనికి వచ్చే ఆర్డర్లని తగ్గిస్తుంది. కిడ్నీ పనితనం ముందే తగ్గి ఉంటే, లేదా ఆ గుమాస్తాని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్ర కూడా తోడైతే, పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది. ముందస్తు హెచ్చరిక కూడా పెద్దగా ఉండదు. బీపీ వాళ్ళకని దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ సోడియం బదులు చాలావరకు పొటాషియమే కలుపుతారు, దానికీ ఇదే మాట. పక్కింటాయన చెప్పింది అందరికీ వర్తిస్తుందంటే తప్పు, కొందరికి మాత్రం అక్షరాలా నిజం. మీ నాన్నగారు ఏ గుంపులో ఉన్నారో ఆయన ముఖం చూసి చెప్పలేం. మాత్ర మొదలుపెట్టి రెండు మూడు వారాలయ్యాక కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం పరీక్ష చేయిస్తారు. మీరు రాసినదాంట్లో ఆ మాట ఎక్కడా లేదు. ఈ వారమే చేయించండి. రిపోర్టు వచ్చేదాకా రోజుకి మూడు బొండాలు కొట్టడం ఆపమనండి, తోట ఎక్కడికీ పోదు.